హుజూరాబాద్ లెక్క: ఈటల రాజేందర్ సొంత ఓటు ఎంత?

పార్టీ మారాలా వద్దా అని ఊగిసలాడే ఎమ్మెల్యే ఎవరైనా మాలాంటి వాళ్లను ముందుగా అడిగేది ఒకటే. "నా ఓటు ఎంత, పార్టీ ఓటు ఎంత?" బూత్‌ల వారీ లెక్కలు తీసి అభ్యర్థులకు సలహా చెప్పడం నా వృత్తి. తెలంగాణలో ఈ మాట ఎప్పుడు వచ్చినా వెంటనే హుజూరాబాద్ పేరు వస్తుంది. "ఈటల గెలవలేదా అన్నా? గుర్తు మారినా జనం మనిషిని చూసే ఓటేసిండ్రు కదా" అంటారు. ఆ ఒక్క ఫలితాన్ని నమ్ముకుని రాజీనామా లేఖ రాసుకున్నవాళ్లూ, రాయబోయి ఆగినవాళ్లూ ఉన్నారు. హుజూరాబాద్ నిజంగా ఏం చెప్పిందో పూర్తిగా విప్పి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

సొంత ఓటును కొలవడం మామూలుగా సాధ్యం కాదు. అభ్యర్థి, గుర్తు రెండూ ఒకే బటన్ మీద ఉంటాయి కాబట్టి ఏది ఎంత లాగిందో చెప్పలేం. ఒకే మనిషి, ఒకే నియోజకవర్గంలో, కొద్ది కాలంలోనే వేరే గుర్తు మీద నిలబడితే మాత్రం కొంత తెలుస్తుంది. ఈటల రాజేందర్ హుజూరాబాద్‌లో 2018లో టీఆర్‌ఎస్ కారు గుర్తు మీద, 2021లో బీజేపీ కమలం మీద, 2023లో మళ్లీ కమలం మీద పోటీ చేశారు. ఐదేళ్లలో మూడు ఎన్నికలు. 2018లో ఆయన ప్రత్యర్థే 2023లో ఆయన పాత పార్టీ నుంచి బరిలోకి దిగారు. మన రాష్ట్రంలో ఇంత శుభ్రమైన కేసు ఇంకొకటి దొరకదు.

కమలాపూర్ నుంచి

1964లో కమలాపూర్‌లో పుట్టిన ఈటల ఉస్మానియాలో బీఎస్సీ చదువుతూ పీడీఎస్‌యూ విద్యార్థి రాజకీయాల్లో తిరిగారు. తర్వాత కోళ్ల పరిశ్రమలో స్థిరపడ్డారు. తెలంగాణ ఉద్యమం ఆయన్ను టీఆర్‌ఎస్‌లోకి తెచ్చింది. 2004లో పార్టీ ఆయనకు ఇచ్చిన సీటు కమలాపూర్. అక్కడ 1985 నుంచి వరుసగా నాలుగుసార్లు గెలిచిన టీడీపీ నేత ముద్దసాని దామోదర్‌రెడ్డి పాతుకుపోయి ఉన్నారు. కాంగ్రెస్ పొత్తులో పోటీ చేసిన ఈటలకు 68,393 ఓట్లు, దామోదర్‌రెడ్డికి 48,774 ఓట్లు. మెజారిటీ 19,619.

ఇక్కడి నుంచి ఆయన ఎన్నికల జీవితంలో ఒక అరుదైన వరస మొదలవుతుంది. మామూలు ఎమ్మెల్యే ఐదేళ్లకోసారి జనం ముందుకు వెళ్తాడు. ఈటల 2004 నుంచి 2010 దాకా ఆరేళ్లలో నాలుగుసార్లు వెళ్లారు. రాజీనామాలనే ఆయుధంగా చేసుకున్న పార్టీలో ఉన్నారు కాబట్టి.

2008 మార్చిలో టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు రాజీనామా చేశారు. ఉపఎన్నికల్లో ఆ 16 అసెంబ్లీ సీట్లలో పార్టీ నిలుపుకున్నవి 7 మాత్రమే. నినాదం అందరిదీ ఒకటే, జెండా ఒకటే, కాలం ఒకటే. అయినా 9 చోట్ల ఓటరు తిప్పికొట్టాడు. కమలాపూర్‌లో ఈటల 22,284 ఓట్ల మెజారిటీతో, అంటే 2004 కంటే ఎక్కువతో బయటపడ్డారు. ఆయన సొంత బలానికి తొలి రుజువు ఏదంటే నేను చూపించేది 2021 కాదు, ఇది. పార్టీ గాలి ఎదురు తిరిగిన రోజు నిలబడ్డ ఓటులో నాయకుడి వాటా ఎక్కువ.

నియోజకవర్గాల పునర్విభజనలో కమలాపూర్ సీటు కనుమరుగై ఆ మండలం హుజూరాబాద్‌లో కలిసింది. 2009లో టీడీపీతో మహాకూటమి కట్టిన టీఆర్‌ఎస్ మొత్తం 10 సీట్లకు పడిపోయింది. ఈటల మాత్రం హుజూరాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థి కృష్ణమోహన్‌రావుపై 15,035 ఓట్లతో గెలిచి శాసనసభలో పార్టీ పక్ష నేత అయ్యారు. కొత్త ఊళ్లు, కొత్త ముఖాలు, రాష్ట్రమంతటా పార్టీకి దెబ్బ. అన్నీ చూస్తే ఆ 15 వేలు తక్కువేమీ కాదు.

ఏడాది దాటగానే మళ్లీ ఎన్నిక. తెలంగాణ డిమాండ్‌పై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ విధివిధానాలకు నిరసనగా 2010 ఫిబ్రవరిలో రాజీనామాలు, జులైలో 12 సీట్లకు ఉపఎన్నికలు. ఈసారి పన్నెండుకు పన్నెండూ రాజీనామా చేసినవాళ్లే గెలిచారు. హుజూరాబాద్‌లో ఈటలకు 93,026 ఓట్లు. రెండో స్థానంలో ఉన్న దామోదర్‌రెడ్డికి 13,799. కమలాపూర్‌ను నాలుగుసార్లు గెలిచిన మనిషికి డిపాజిట్ కూడా దక్కలేదు.

15,035 నుంచి 79,227కు మెజారిటీ పెరగడానికి పదిహేను నెలలు పట్టింది. ఆ పదిహేను నెలల్లో ఈటల ఐదు రెట్లు మంచి నాయకుడు అయిపోలేదు. 2009 డిసెంబర్ తర్వాత ఉద్యమం ప్రతి ఇంట్లోకి వెళ్లింది, అంతే. ఒకే మనిషి మెజారిటీలో ఇంత తేడా ఉన్నప్పుడు ఏ ఒక్క ఎన్నిక ఫలితాన్నీ ఆయన సొంత బలం అనుకోకూడదు.

2014లో 57,037, 2018లో 43,719. ఈ రెండు మెజారిటీల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. తొలి ఆర్థికమంత్రిగా 2014 నవంబర్ 5న తెలంగాణ తొలి బడ్జెట్ పెట్టింది ఆయనే. పౌరసరఫరాలూ ఆయన దగ్గరే ఉన్నాయి. హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం ఇచ్చిన నిర్ణయం ఆయన పేరు మీద నిలిచిపోయింది. పథకాలు ఎన్నో వస్తాయి, పోతాయి. పిల్లాడి కంచంలోకి వచ్చిన బియ్యం మాత్రం తల్లికి రోజూ కనిపిస్తుంది.

తెగిపోయిన చోట

2019 ఆగస్టు 29న హుజూరాబాద్‌లో మాట్లాడుతూ తాము గులాబీ జెండాకు ఓనర్లమని ఈటల అన్నారు. మంత్రి పదవి ఎవరి భిక్షా కాదన్నారు. అప్పటికి ఆయన ఆరోగ్యమంత్రి. పార్టీలో అంతరం అందరికీ తెలిసింది ఆ రోజే. 2021 ఏప్రిల్ చివర్లో మెదక్ జిల్లాలో ఆయన కుటుంబానికి చెందిన హ్యాచరీస్‌కు సంబంధించి భూకబ్జా ఆరోపణలు వచ్చాయి. ముఖ్యమంత్రి కేసీఆర్ విచారణకు ఆదేశించారు. మే 1న ఆరోగ్యశాఖను తీసేశారు, మే 2న మంత్రివర్గం నుంచే తప్పించారు. ఆరోపణలను ఈటల ఖండించారు. జూన్ 12న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, 14న ఢిల్లీలో బీజేపీలో చేరారు.

జూన్‌లో ఆయన చేరిన పార్టీకి హుజూరాబాద్‌లో బలం ఎంతో చూడండి. 2018లో అక్కడ బీజేపీకి వచ్చింది 1,683 ఓట్లు. నోటాకు అంతకంటే ఎక్కువ పడ్డాయి. అంటే 2021లో కమలం గుర్తు మీద పడిన ఓటును ఆ పార్టీ పాత ఓటుగా లెక్కించే వీలే లేదు. మా వృత్తిలో ఇలాంటి ఖాళీ పలక దొరకడం అదృష్టం.

ఉపఎన్నిక నడిచిన తీరు

జూన్ నుంచి అక్టోబర్ దాకా సాగిన ఆ ప్రచారాన్ని అక్కడ పనిచేసిన ఎవరూ మరచిపోలేరు. జులై 19న ఈటల కమలాపూర్ మండలం నుంచి ప్రజాదీవెన యాత్ర మొదలుపెట్టారు. నెలాఖరుకు అస్వస్థతతో ఆస్పత్రిలో చేరారు, మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఆయన మంచం మీద ఉన్నన్ని రోజులూ భార్య జమున ఊళ్లు తిరిగారు. అటువైపు టీఆర్‌ఎస్ తరఫున హరీశ్‌రావు మకాం వేసి యంత్రాంగం మొత్తాన్ని కదిలించారు. అభ్యర్థి గెల్లు శ్రీనివాస్ యాదవ్ విద్యార్థి విభాగం అధ్యక్షుడు, ఉద్యమంలో కేసులు మోసిన యువకుడు, స్థానికుడు. ఎంపికలో లోపం ఉందని నేను అనను.

ఆగస్టు 16న ముఖ్యమంత్రి దళితబంధును హుజూరాబాద్ మండలం శాలపల్లిలో ప్రారంభించారు. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. 2018 మే 10న రైతుబంధు మొదలైంది కూడా సరిగ్గా అక్కడే. అప్పుడు ఈటల ఆర్థికమంత్రి, ఆ ఊరి ఎమ్మెల్యే. మూడేళ్లు తిరిగేసరికి అదే ఊరు ఆయన్ను ఓడించడానికి వేదికైంది. షెడ్యూల్ వచ్చాక అక్టోబర్ 18న ఎన్నికల సంఘం ఆ నియోజకవర్గంలో పథకాన్ని ఆపమంది. ఆపించింది మీరంటే మీరని రెండు పార్టీలూ తిట్టుకున్నాయి.

సర్పంచులు, ఎంపీటీసీలు, మార్కెట్ కమిటీ పెద్దలు చాలావరకు టీఆర్‌ఎస్‌లోనే ఉండిపోయారు. ఈటల పెంచిన మనుషులే చాలామంది ఆయన వెంట వెళ్లలేదు. 2018లో కాంగ్రెస్ తరఫున ఆయనపై 61,121 ఓట్లు తెచ్చుకున్న పాడి కౌశిక్‌రెడ్డి కూడా జులైలో టీఆర్‌ఎస్‌లో చేరారు. కాగితం మీద చూస్తే టీఆర్‌ఎస్ ఓడే ఎన్నిక కాదు. పాత కార్యకర్తలు, కొత్తగా కాంగ్రెస్ నుంచి వచ్చిన కార్యకర్తలు, ప్రభుత్వం, పథకం, డబ్బు. తమ ఇంటికి డబ్బు కవర్లు రాలేదని కొన్ని ఊళ్లలో ఓటర్లు రోడ్డెక్కిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. ఓటు ధర ఎంత పలికిందో చెప్పుకుని నవ్వుకునే విషయం కాదు అది. ఆ ఎన్నిక తర్వాత నేను మాట్లాడిన ప్రతి అభ్యర్థీ ఖర్చు అంచనా పెంచేసుకున్నాడు. చట్టం ఒప్పుకున్న ఖర్చు అప్పట్లో 30.8 లక్షలు.

అక్టోబర్ 30న పోలింగ్. సుమారు 2.37 లక్షల ఓటర్లలో 2,05,236 మంది వచ్చారు, 86.64 శాతం.

నవంబర్ 2న కరీంనగర్ ఎస్‌ఆర్‌ఆర్ డిగ్రీ కళాశాలలో లెక్కింపు. అది ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, ఎందుకంటే విశ్లేషణంతా ఇక్కడే పుడుతుంది. మొత్తం 306 పోలింగ్ కేంద్రాలు, హాల్లో 14 టేబుళ్లు. ఒక్కో రౌండ్‌లో 14 కేంద్రాల యంత్రాలు తెరుస్తారు కాబట్టి 22 రౌండ్లు. కేంద్రాల వరుస సంఖ్య మండలాల వారీగా ఉంటుంది. అందుకని ఒక్కో రౌండ్ అంటే పక్కపక్కనున్న కొన్ని ఊళ్లు. టేబుల్ దగ్గర వైరు జాలీ అవతల కూర్చున్న ఏజెంటు చేతిలో పోలింగ్ రోజు తీసుకున్న 17సీ ఫారం ఉంటుంది. అందులో ఆ బూత్‌లో పడిన మొత్తం ఓట్లు, యంత్రం నంబరు రాసి ఉంటాయి. యంత్రం తెర మీద మొత్తం చూపగానే ముందు దానితో సరిచూసుకుంటాడు. తర్వాత ఒక్కో అభ్యర్థి అంకె వస్తుంటే చీటీ మీద రాసుకుంటాడు. బయట టీవీలో రౌండ్ ఫలితం వచ్చేలోపే ఏ వార్డు పోయిందో, ఏ ఊరు నిలిచిందో లోపలి మనిషికి తెలిసిపోతుంది.

ఆ రోజు పోస్టల్ బ్యాలెట్‌లో టీఆర్‌ఎస్ ముందుంది. యంత్రాలు తెరిచాక 22 రౌండ్లలో ఆ పార్టీకి ఆధిక్యం వచ్చింది రెండే రెండు రౌండ్లలో, 8లో, 11లో. చివరి లెక్క: ఈటలకు 1,07,022, గెల్లుకు 83,167, కాంగ్రెస్ అభ్యర్థి బల్మూరి వెంకట్‌కు 3,014. మెజారిటీ 23,855.

అంకెల్లో దాగినది

2018లో కారు గుర్తు మీద ఈటలకు 1,04,840. 2021లో కమలం గుర్తు మీద 1,07,022. రెండు అంకెలు దాదాపు ఒకటే. "ఆయన ఓటు ఆయన వెంటే వచ్చింది" అన్న మాట పుట్టింది ఈ పోలిక నుంచే. పత్రికలు రాశాయి, నాయకులు నమ్మారు.

కానీ ఆ ఓటంతా ఆయనతో వచ్చేసి ఉంటే టీఆర్‌ఎస్‌కు 83,167 ఎక్కడివి? అంకె ఒకటే అయినంత మాత్రాన మనుషులు ఒకటే కారు. 2018లో ఈటలకు వేసినవాళ్లలో పెద్ద వాటా కారు దగ్గరే ఆగింది. ఆ ఖాళీని ఇంకెవరో నింపారు. ఎవరు నింపారో కాంగ్రెస్ అంకె చెప్తుంది: 61,121 నుంచి 3,014కు. ఏకంగా 58,107 ఓట్లు ఆవిరైపోయాయి. షెడ్యూల్ వచ్చాక గానీ అభ్యర్థిని ప్రకటించని కాంగ్రెస్ ఆ ఎన్నికలో పోటీలో లేనట్టే. టీఆర్‌ఎస్‌ను వద్దనుకునే కాంగ్రెస్ ఓటరుకు గెలిచే అవకాశం ఉన్న మనిషి ఈటల ఒక్కరే.

ఆ 58 వేలలో ఎంత ఈటలకు వెళ్లింది, ఎంత కౌశిక్‌రెడ్డి వెంట కారుకు వెళ్లింది? 2021 అంకెలు మాత్రమే ముందు పెట్టుకుంటే చెప్పలేం. మొత్తం ఈటలకే వెళ్లిందనుకుంటే ఆయనకు మిగతా వైపుల నుంచి, అంటే పాత టీఆర్‌ఎస్ ఓటు, కొత్త ఓటర్లు అన్నీ కలిపి వచ్చింది 49 వేల లోపే. సగమే వెళ్లిందనుకుంటే ఆ అంకె 78 వేలు. సొంత ఓటు 49 వేలా, 78 వేలా? ఇంత అంతరం పెట్టుకుని ఒక ఎమ్మెల్యేకు రాజీనామా చెయ్యమని సలహా ఇవ్వడం బాధ్యతారాహిత్యం. 2021 శీతాకాలంలో అలాంటి సలహాలు ఈ రాష్ట్రంలో చాలామంది ఇచ్చారు.

ఊరి స్థాయికి దిగితే కొంత స్పష్టత వస్తుంది. ఎన్నికల సంఘం ఇచ్చే ఫారం 20లో ప్రతి కేంద్రంలో ప్రతి అభ్యర్థికి పడిన ఓట్లు ఉంటాయి. 2018 షీటును, 2021 షీటును కేంద్రం నంబరుతో జత చేస్తే మాత్రం లెక్క మొత్తం తప్పుతుంది. కొవిడ్ వల్ల ఒక్కో కేంద్రానికి వెయ్యి మంది ఓటర్లకు మించకూడదన్నారు. కేంద్రాలు చీలాయి, నంబర్లు జరిగాయి. అందుకే రెండు ఏడాదుల కేంద్రాల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని ఊరు, వార్డు వారీగా కూడాలి. చాదస్తంగా అనిపిస్తుంది గానీ ఇది చెయ్యకుండా వేసే పటాలకు విలువ లేదు. ఒక ఊళ్లో 2018 కాంగ్రెస్ ఓటు ఎక్కువగా ఉండి, 2021లో ఈటల ఆధిక్యం కూడా అక్కడే ఎక్కువైతే అది అరువు ఓటు. 2018లో కాంగ్రెస్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో కూడా కమలానికి ఆధిక్యం వస్తే అది మనిషిని చూసి పడిన ఓటు.

తేల్చింది 2023

2023 నవంబర్ 30న సాధారణ ఎన్నికలు. టీఆర్‌ఎస్ అప్పటికి బీఆర్‌ఎస్ అయింది. ఎమ్మెల్సీ అయిన కౌశిక్‌రెడ్డి ఆ పార్టీ అభ్యర్థి. కాంగ్రెస్ రాష్ట్రమంతటా లేచి నిలబడింది, హుజూరాబాద్‌లో వొడితల ప్రణవ్‌ను పెట్టింది. ఫలితం: కౌశిక్‌రెడ్డికి 80,333, ఈటలకు 63,460, ప్రణవ్‌కు 53,164. ఆరుసార్లు వరుసగా ఆ ప్రాంతం నుంచి గెలిచి, ఏడోసారి పార్టీ మార్చి కూడా గెలిచిన మనిషి 16,873 ఓట్లతో ఓడిపోయారు.

ఇప్పుడు 2021ని, 2023ని పక్కపక్కన పెట్టి చూడండి. మూడు పార్టీల ఓట్ల మొత్తం 2021లో 1,93,203, 2023లో 1,96,957. తేడా నాలుగు వేల లోపు. కారు గుర్తు ఓటు 83,167 నుంచి 80,333కు, అంటే మూడు వేల లోపు తగ్గింది. అభ్యర్థి మారారు, పార్టీ పేరు మారింది, రాష్ట్రంలో అధికారం చేజారుతోంది, అయినా అది కదల్లేదు. కాంగ్రెస్ 50,150 పెరిగింది. ఈటల 43,562 తగ్గారు. ఇంత శుభ్రంగా అతికే అంకెలు మా పనిలో చాలా తక్కువగా కనిపిస్తాయి.

ఫారం 20 అంకెల నుంచి ఒక్కో ఓటరు మనసు చదవలేం, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కారు వదిలినవాళ్లు కొందరు, కారెక్కినవాళ్లు కొందరు ఉండే ఉంటారు. అయినా నా అంచనా ఇది: 2021లో ఈటలకు పడిన లక్షా ఏడు వేలలో 40 వేలకు అటూ ఇటూగా కాంగ్రెస్ అరువిచ్చిన ఓటు. కాంగ్రెస్‌కు గెలిచే ఊపు రాగానే అది సొంతింటికి పోయింది. మిగిలిన 63 వేలు ఈటల సొంతం, ఆ రెండేళ్లలో బీజేపీ పోగుచేసుకున్నది, రెండూ కలిసి.

63 వేలు చిన్న అంకె అని ఎవరూ అనుకోవద్దు. 1,683 ఓట్ల పార్టీని అక్కడికి తీసుకుపోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. సర్పంచులు లేకుండా, ప్రభుత్వం లేకుండా, మూడు ముక్కల పోటీలో మూడో వంతు ఓటు మనిషి పేరు మీద నిలబడటం అంటే రెండు దశాబ్దాలు పెళ్లిళ్లకూ చావులకూ తిరిగిన ఫలం. కానీ గెలవడానికి అది చాలలేదు.

ఆ ఓటమికి ఇంకో కారణం ఆయన రెండు చోట్ల పోటీ చెయ్యడం. అది హుజూరాబాద్‌లో కొన్ని వేల ఓట్లను పోగొట్టిందని నా నమ్మకం. రాష్ట్ర ఎన్నికల నిర్వహణ కమిటీ బాధ్యత కూడా ఆయన మీదే ఉంది. నాయకుడిని చూసి ఓటేసే ఊళ్లో నాయకుడు కనిపించకపోతే అది పార్టీ ఓటరు కంటే ముందు సొంత ఓటరును బాధిస్తుంది.

రెండో చోటు గజ్వేల్. కేసీఆర్‌కు 1,11,684, ఈటలకు 66,653. మెజారిటీ 45,031. కేసీఆర్‌ను ఢీకొని 66 వేలు తెచ్చుకోవడం ఈటల వ్యక్తిగత ప్రతిష్ఠకు గుర్తని అప్పట్లో చాలామంది అన్నారు. గజ్వేల్ పాత లెక్క తీస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. 2014లో అక్కడ కేసీఆర్ మీద టీడీపీ నుంచి వంటేరు ప్రతాప్‌రెడ్డికి 67,303. 2018లో కాంగ్రెస్ నుంచి ఆయనకే 67,154. 2023లో బీజేపీ నుంచి ఈటలకు 66,653. మూడు ఎన్నికలు, మూడు పార్టీలు, ఇద్దరు మనుషులు, ఒకే అంకె. 2023లో కాంగ్రెస్ ఇంకో 32 వేల పైచిలుకు పట్టుకుపోయింది కాబట్టి ఈటల కష్టం అసలు లేదనలేం. కానీ ఆ ఓటులో ఎక్కువ భాగం గజ్వేల్‌లో ఎప్పటి నుంచో ఉన్న కేసీఆర్ వ్యతిరేక ఓటు. బలంగా నిలబడే అభ్యర్థి ఎవరైతే వాళ్ల దగ్గర అది చేరుతుంది.

2024 మే ఎన్నికలో మల్కాజ్‌గిరి నుంచి ఆయన లోక్‌సభకు 3,91,475 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 37 లక్షలకు పైగా ఓటర్లున్న ఆ నగర నియోజకవర్గంలో ఆరు నెలల ముందే ఏడు అసెంబ్లీ సీట్లూ బీఆర్‌ఎస్ గెలుచుకుంది. లోక్‌సభకు వచ్చేసరికి ఆ పార్టీ మూడో స్థానానికి పోయింది. అది దేశం ఓటు, మోదీ ఓటు. సొంత ఓటు లెక్కలోకి నేను దాన్ని తీసుకోను.

మునుగోడుతో పోల్చి చూస్తే

హుజూరాబాద్ గెలుపు చూసి నడిచిన దారే 2022లో మునుగోడు. అక్కడ కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2018లో కాంగ్రెస్ నుంచి 97,239 ఓట్లు తెచ్చుకుని 22,552 మెజారిటీతో గెలిచారు. రాజీనామా చేసి బీజేపీ నుంచి నిలబడ్డారు. 86,697 ఓట్లు వచ్చినా టీఆర్‌ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 97,006తో గెలిచారు. తేడా 10,309.

రెండు చోట్లా మనిషి బలమైనవాడే, రెండు చోట్లా కమలానికి పాత పునాది పెద్దగా లేదు, రెండు చోట్లా ప్రభుత్వం మొత్తం దిగింది. తేడా ఒక్కటే. ఈటల వదిలింది అధికార పార్టీని, రాజగోపాల్‌రెడ్డి వదిలింది ప్రతిపక్షాన్ని. ఈటల బయటకు రాగానే ప్రభుత్వాన్ని వద్దనుకునే ఓటంతా ఆయనకు అరువుగా దొరికింది. కాంగ్రెస్‌కు మిగిలింది మూడు వేలు. మునుగోడులో ఆ అరువు దొరకలేదు, ఎందుకంటే ప్రభుత్వ వ్యతిరేక ఓటు అప్పటికే ఆయన దగ్గర ఉంది. ఇక మిగిలింది చీలడమే. కాంగ్రెస్ అభ్యర్థి పాల్వాయి స్రవంతికి 23,906 పడ్డాయి. వామపక్షాలు టీఆర్‌ఎస్‌కు మద్దతిచ్చాయి. ఓటమి తేడాకు రెట్టింపు కంటే ఎక్కువ ఓటు పాత ఇంట్లోనే ఉండిపోయింది.

2023లో రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌కు తిరిగి వచ్చారు. 1,19,624 ఓట్లు, 40,590 మెజారిటీ. 2022లో ఆయనకు, స్రవంతికి వచ్చినవి కూడితే 1,10,603. విడిపోయిన రెండు ముక్కలు తిరిగి అతికాయి, రాష్ట్రంలో వీచిన గాలికి ఇంకొంత చేరింది. సొంత ఓటు ఈటలకూ ఉంది, రాజగోపాల్‌రెడ్డికీ ఉంది. ఒకరు గెలిచి ఒకరు ఓడింది దాని సైజు వల్ల కాదు, మూడో పార్టీ ఆ రోజు బతికి ఉందా లేదా అన్న దాని వల్ల.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఎమ్మెల్యే వచ్చి "నా ఓటు ఎంత?" అంటే ముందు ఆయన మెజారిటీ అడగను. గత రెండు ఎన్నికల ఫారం 20లు తెప్పించి, పార్టీ గాలి ఎదురుగా ఉన్న ఏడాది ఏ ఊళ్లు ఆయనతో నిలిచాయో గీత గీస్తాను. ఈటల విషయంలో అది 2008 కమలాపూర్. తర్వాత ఆయన వదలబోతున్న పార్టీ అధికారంలో ఉందా, బయట ఉందా అని చూస్తాను. చివరగా, ఆయన బయటకు వచ్చిన రోజు పక్కన ఖాళీగా పడి ఉండే ఓటు ఎవరిది, దాన్ని అడగడానికి ఆ పార్టీ ఎప్పుడు తిరిగి వస్తుంది అని లెక్కేస్తాను. హుజూరాబాద్‌లో కాంగ్రెస్ తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. ఉపఎన్నిక గెలిచిన ఎమ్మెల్యేకు ఆ 40 వేల మంది ఇళ్లకు వెళ్లి, అరువు ఓటును సొంతం చేసుకోవడానికి ఉన్న గడువు అంతే.